మొన విరిగిన జైతూన్ గింజలు

చెర్రీ పండులోంచీ జైతూన్ కాయలోంచీ, అదే ఆలివ్ కాయలోంచీ, గింజ తీసే పనిముట్టును ఎలా ఎంచుకోవాలో పాతబస్తీలో నాకు తెలిసినంతగా ఇంకొకరికి తెలియదంటే మీరు నవ్వుతారు. నవ్వండి. నలభై ఏళ్ళ ఉద్యోగంలో నేను నిజంగా నేర్చుకున్న విద్య అదొక్కటే. దాని గురించి ఇంతవరకు నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. మీరు కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్నారు, సామాను కొనే బాధ్యత మీలో కొందరి మీద పడుతుంది, కాబట్టి అడక్కపోయినా చెబుతాను. నేర్చుకున్న తీరు మాత్రం గొప్పగా చెప్పుకునేది కాదు.

రెండో ప్రపంచ యుద్ధం మొదలవడానికి రెండేళ్ళ ముందు హుస్సేనీ ఆలం దగ్గర ఒక నవాబుగారి దేవిడిలో నేను సామాను గుమాస్తాను. ఎత్తైన గోడల లోపల అదొక చిన్న ఊరు. అందులో రెండు వంటశాలలు ఉండేవి. ఒకటి ఇంటివాళ్ళది, రోజూ పొగ వచ్చేది. రెండోది ఇంగ్లీషు వంటశాల, దొరలు భోజనానికి వచ్చినప్పుడే దాని పొయ్యి వెలిగేది. రెండింటికీ కావలసినవి తెప్పించడం, గదిలో పెట్టి తాళం వేయడం, అడిగినప్పుడు తీసి ఇవ్వడం నా పని. మా బాపు అదే పని ముప్పై ఏళ్ళు చేశాడు. మోకాళ్ళు పట్టేసి మానుకుంటూ తన జాగాలో నన్ను పెట్టించాడు. నాకప్పుడు ఇరవైనాలుగేళ్ళు. మెట్రిక్ దాకా చదివాను, బొంబాయి నుంచి వచ్చే ఇంగ్లీషు కేటలాగులు చదవగలను. ఆ వంటశాలల్లో అలా చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ సంగతి నేను ఒక్క రోజు కూడా మరిచిపోలేదు, ఎవరినీ మరిచిపోనివ్వలేదు.

వంటశాలల మీద పెత్తనం దారోగాసాబుది. గట్టిగా అరిచే మనిషే కానీ చెడ్డవాడు కాడు. నవాబుగారికి కోపం వస్తే మొదట తగిలేది ఆయనకే, అందుకే ముందుగా మా మీద అరిచి పెట్టుకునేవాడు.

ఇక అక్క. నా సొంత అక్క కాదు, దేవిడిలో అందరూ ఆమెను అలాగే పిలిచేవారు. హుస్సేనీ ఆలం వెనక గల్లీలో బర్రెలు పెట్టుకుని పాలు అమ్మే ఇల్లు వాళ్ళది. చిన్న వయసులోనే భర్త పోతే తమ్ముడి ఇంటికి వచ్చేసింది. అప్పటి నుంచీ ఇరవై ఏళ్ళుగా మా దేవిడిలో గింజలు తీసేది. వినడానికి అది పనిలా ఉండదు. కానీ ఖుబానీ కా మీఠా అనే ఆప్రికాట్ తీపి చేయాలంటే వందలకొద్దీ ఎండు ఖుబానీల్లోంచి గింజ రావాలి, పండు చిరగకూడదు. ఖర్జూరాలు, ఆలూబుఖారాలు, చింతపండు అన్నీ ఆమె చేతిమీదుగా పోయేవి. ఆమె దగ్గర ఒక ఇత్తడి పుల్ల ఉండేది, చివర చిన్న ఉంగరంలా వంచినది. తొడిమ ఉన్నచోట గుచ్చి, ఒక్క తిప్పు తిప్పి లాగేది. తర్వాత పండును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లగా ఒత్తేది. ప్రతి పండునూ ఒత్తేది. ఒకసారి ఎందుకలా అని అడిగితే, "కన్ను మోసం చేస్తది తమ్మీ, ఏలు చెయ్యది," అంది.

ఆ మధ్య ఆమె ఎడమ కంటిలో పొర వచ్చింది. నడిచేటప్పుడు గోడ పట్టుకునేది. పనిలో మాత్రం తేడా రాలేదు.

ఆ ఏడు వానాకాలం మొదట్లో ఒక పెద్ద దొర, ఆయన భార్య మధ్యాహ్న భోజనానికి వస్తారని తెలిసింది. నవాబుగారి జాగీరు మీద సర్కారు నిఘా ఒకటి ఉండేది. దాన్ని తీసేయాలా ఉంచాలా అన్నది ఆ దొర రాసే మాట మీద ఉందని దేవిడిలో అందరికీ తెలుసు. అరవై మంది అతిథులు. వంటల జాబితాలో రెండు కొత్తవి ఉన్నాయి. లోపల ఖీమా కూరిన జైతూన్ కాయలు ఒకటి, చెర్రీల పుడ్డింగు ఒకటి. జైతూన్ ఉప్పునీళ్ళ సీసాల్లో, చెర్రీలు డబ్బాల్లో బొంబాయి నుంచి వస్తాయి. రెండూ గింజలతోనే వస్తాయి.

దారోగాసాబు నన్ను పిలిచాడు.

"అక్క రెండు దినాలు కావాలంటున్నది. డబ్బాలు ఎప్పుడొస్తయో ఎర్క లేదు. దానికి తోడు ఆమె కండ్లు గూడ పోతున్నయ్. ఇంగ్లీషోళ్ళ తాన దీనికి మర ఉంటదంట గద?"

"ఉంటది సాబ్. కేటలాగుల చూసిన."

"అయితె మంచిది చూసి తెప్పియ్. నువ్వు చదువుకున్నోనివి."

ఆ చివరి మాట చాలు నాకు.

మూడు దారులు కనిపించాయి. మొదటిది సికింద్రాబాదులో దొరల సామాను అమ్మే దుకాణంలో చూసిన చేతి పనిముట్టు. పటకారులా ఉంటుంది, ఒకవైపు చిన్న గిన్నె, ఇంకోవైపు మొద్దు సూది. ఒక్కొక్క కాయనూ గిన్నెలో పెట్టి నొక్కాలి. నాకది ఆటవస్తువులా తోచింది. రెండోది కేటలాగులో ఉన్న ఇనుప మర. బల్లకు బిగించి, పైన పళ్ళు పోసి, పిడి తిప్పితే గింజలు ఒకవైపు, పళ్ళు ఒకవైపు పడతాయని రాసి ఉంది. పక్కన బొమ్మలో ఒక దొరసాని నవ్వుతూ పిడి పట్టుకుని ఉంది.

మూడోది అక్క చెప్పిన దారి. వాళ్ళ గల్లీ చివర ఒక ముసలి లోహార్ ఉండేవాడు. తాళాలు, అడకత్తెరలు చేసేవాడు. అక్క ఇత్తడి పుల్ల ఆయన చేసిందే. అక్క మాట కొట్టేయలేక ఒక పొద్దున ఆయన దగ్గరికి వెళ్ళాను. విషయం చెప్పాను. ఆయన సుత్తి కింద పెట్టి చేయి చాపాడు.

"పండు చూపియ్."

"ఇంకా రాలె. బొంబాయి నుంచి రావాలె."

"గింజ గుండ్రమా, పొడుగా?"

నాకు తెలియదు. జైతూన్ కాయను సీసా బయటి నుంచే చూశాను కానీ ఎన్నడూ కొరికి చూడలేదు.

"మొన ఉంటదా? కండ గింజను పట్టుకోని ఉంటదా, ఇడుస్తదా?"

"ఉసిరికాయంత ఉంటది," అన్నాను.

ఆయన నవ్వలేదు. "గింజ చూడకుంట సూది ఎట్ల చేస్త భాయ్? డబ్బాలు రానీ. ఒక్క కాయ పట్టుకొని రా. ఒక్క దినంల చేసిస్త."

అక్షరం ముక్క రాని మనిషి మూడు ప్రశ్నలు అడిగితే మెట్రిక్ చదివిన నేను ఒక్కదానికీ జవాబు చెప్పలేకపోయాను. సిగ్గుపడాల్సిన చోట కోపం తెచ్చుకున్నాను. ఆ సాయంత్రమే మర కోసం బొంబాయికి ఉత్తరం రాశాను.

మర భోజనానికి పది రోజుల ముందు వచ్చింది. నల్లటి ఇనుము, ఎర్ర పిడి, నూనె రాసిన కాగితంలో చుట్టి పంపారు. డబ్బాలు, సీసాలు మాత్రం రాలేదు. దారోగాసాబుకు చూపించాలి కదా. నేరేడు పళ్ళ కాలం, గంపెడు తెప్పించి మరలో పోశాను. పిడి తిప్పితే టకటకమని గింజలు రాలాయి. చూడటానికి వంటవాళ్ళందరూ వచ్చారు. దారోగాసాబు నా భుజం తట్టాడు. అక్క తలుపు దగ్గర నిలబడి చూసి, ఒక నేరేడు తీసుకుని వేళ్ళతో ఒత్తింది.

"మంచిగనే ఉంది తమ్మీ. నేరేడు మెత్తగ ఉంటది గద. అవ్వి ఎట్లుంటయో."

"ఏ పండైనా పండే గద అక్కా," అన్నాను.

పెట్టెలు రైల్లో ఆలస్యమై భోజనం రోజు పొద్దుననే చేరాయి. అప్పటికే ఇంగ్లీషు వంటశాలలో లొల్లి మొదలైంది. నేను ఐసు చూసుకోవాలి, గిన్నెలు లెక్కపెట్టి ఇవ్వాలి. పిడి తిప్పే పని అక్కకు అప్పగించాను. ముందు చెర్రీలు వేశాం. డబ్బాలో నానిన పళ్ళు కదా, బాగా మెత్తబడ్డాయి. సూది దిగితే గింజ పక్కకు జారి పండులోనే ఉండిపోతోంది. అక్క ప్రతి పండునూ ఒత్తి చూసి, గింజ మిగిలినవాటిని పక్కన పెట్టి, తన పుల్లతో తీసింది. నేను అక్కడే ఆగాల్సింది. మర నమ్మదగింది కాదని నా కళ్ళముందే తేలిపోయింది. నేనేమనుకున్నానంటే, చెర్రీలు మెత్తన కాబట్టి అలా జరిగింది, జైతూన్ గట్టిగా ఉంటుంది, దానికి భయం లేదు. అక్క మెత్తనిదన్న నేరేడు మీద మర బాగానే నడిచింది కదా, మెత్తదనమే కారణమైతే అక్కడా తప్పి ఉండాలి కదా అని కూడా తట్టలేదు.

జైతూన్ నిజంగానే బాగా నడిచింది. ప్రతి కాయలోంచీ గింజ వచ్చింది. కాసేపటికి అక్క నన్ను పిలిచింది. ఆమె చేయి గింజలు పడే గిన్నెలో ఉంది.

"తమ్మీ, జర ఇటు చూడు. వీటికి రెండు దిక్కుల మొన ఉంది. కొన్నిటికి ఒక దిక్కు లేదు."

వంగి చూశాను. ఉప్పునీళ్ళలో తడిసి మెరుస్తున్న గింజలు. నాకన్నీ ఒకేలా కనిపించాయి.

"గట్లనే ఉంటయి అక్కా. అన్ని గింజలు ఒక్క తీరుగ ఉంటయా?"

"గంట టైము ఇయ్యి. అన్ని కాయలు ఒత్తి చూస్త."

లోపలి నుంచి వంటమాస్టరు జైతూన్ ఏదీ అని మూడోసారి అరిచాడు. అప్పుడు నేనన్న మాట ఇప్పటికీ అక్షరం తప్పకుండా గుర్తుంది.

"మరతోని తీసినంక మళ్ళ ఏలుతోని చూసుడేంది? గిట్ల చూసుకుంట కూసుంటె మర ఎందుకు తెచ్చినట్టు?"

అక్క చేతులు తుడుచుకుని కాయల గిన్నెను నా వైపు జరిపింది. నేనే ఎత్తుకుని లోపలికి ఇచ్చి వచ్చాను.

భోజనాల గది తలుపుకు వెదురు పుల్లల తెర వేలాడేది. దాని వెనక నిలబడి చూస్తున్నాను. దొర భార్య, యాభై దాటిన మనిషి, పక్కనున్న వాళ్ళతో ఏదో చెబుతూ ఒక జైతూన్ కాయ నోట్లో వేసుకుంది. మాట మధ్యలో ఆగింది. చేతిరుమాలు నోటికి పెట్టుకుంది. తీసినప్పుడు రుమాలు మీద ఎర్రగా ఉంది. తర్వాత ఆమెకు దగ్గు మొదలై ఎంతకూ ఆగలేదు, ముఖం కందిపోయింది. అతిథుల్లో ఉన్న ఒక డాక్టరు ఆమెను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, నోరు తెరిపించి, నాలుక వెనక గుచ్చుకున్న ముక్కను సన్నటి పటకారుతో తీశాడు. ఆమెకు ప్రమాదమేమీ లేదు. మర్యాదగల మనిషి, ఫరవాలేదని నవ్వడానికి కూడా ప్రయత్నించింది. కానీ దొర లేచి నిలబడ్డాడు. ఆయన లేస్తే అందరూ లేచారు. పుడ్డింగు ఎవరూ ముట్టకుండానే వంటశాలకు తిరిగి వచ్చింది. ఆ చెర్రీల్లో ఒక్కదాంట్లో కూడా గింజ లేదు. వాటిని అక్క ఒత్తి చూసింది కదా.

వంటశాలల మధ్య వాకిట్లో మమ్మల్నందరినీ నిలబెట్టారు. దారోగాసాబు చేతిలో తెల్లటి సాసరు, అందులో బియ్యపు గింజలో సగం ఉన్న ముక్క. ఆయన అరవలేదు. అందుకే ఎక్కువ భయం వేసింది.

"జైతూన్ గింజలు ఎవలు తీసిన్రు?"

అడిగింది నన్నే.

"అక్కనే తీసింది సాబ్."

"మరల ఏమన్న ఖరాబీ ఉందా?"

"మీ ముంగటనే చూసినం గద సాబ్. మంచిగనే చేసింది."

రెండు మాటలూ నిజమే. పిడి తిప్పింది అక్క. నేరేడు పళ్ళమీద మర బాగానే పనిచేసింది. నేను అబద్ధం చెప్పి ఉంటే ఎప్పుడో ఒకప్పుడు దాన్ని తప్పు అని ఒప్పుకుని తేలిక పడేవాణ్ణేమో. నిజాలే చెప్పాను. వాటితో ఒక మనిషిని బయటికి నెట్టాను.

అక్క నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. నేను ఇంకా ఏదో చెబుతానని, మాట మధ్యలో ఆగానని అనుకుంటున్నట్టు చూసింది. ఎదురుచూసింది. నేను సాసరు వైపు చూస్తూ నిలబడ్డాను.

"కండ్లు కనవడకుంట పని ఎందుకు ఒప్పుకున్నవ్?" అన్నాడు దారోగాసాబు.

"తప్పయింది సాబ్," అంది అక్క.

రేపటి నుంచి రావద్దన్నాడు. ఆమె కొంగు సర్దుకుని, గోడ పట్టుకుని, పెద్ద దర్వాజా వైపు నడిచింది. ఇరవై ఏళ్ళు చేసిన చోటు నుంచి వెళ్ళిపోవడానికి ఆమెకు పట్టినది అంత సేపే.

మర్నాడు సామాను గదిలో కూర్చుని, చెత్తబుట్టలోంచి ఆ గింజలు తీయించి, ఆరబెట్టి, దస్తావేజులు చూసే భూతద్దంతో ఒక్కొక్కటీ చూశాను. పొడుగు గింజ, రెండు చివరలా మొన. వాటిలో చాలావాటికి ఒక మొన విరిగి ఉంది. మర సూది వెడల్పు, గింజ మొన సన్నం. సూది తగలగానే మొన విరిగి కండలో ఉండిపోయేది, మిగతా గింజ బయటికి వచ్చేది. లోహార్ అడిగిన మూడు ప్రశ్నలూ దీని గురించే. అక్క వేళ్ళు చెప్పిందీ దీని గురించే.

మీకు పనికొచ్చే మాట ఇక్కడే చెప్పేస్తాను. ఏ పండుకు వాడతారో ఆ పండు మీదనే పనిముట్టును పరీక్షించండి, ఇంకో పండు మీద కాదు. చెర్రీకి గుండ్రటి సూది, జైతూన్‌కు చివర గుంట ఉన్న సన్నటి సూది కావాలి. ఒక్కొక్క కాయ పట్టే చేతి పనిముట్టే మంచిది, గింజ ఎటు పోయిందో చెయ్యికి తెలుస్తుంది. బయటికి వచ్చిన గింజ నిండుగా ఉందో లేదో చూడండి. తర్వాత పండును వేళ్ళతో ఒత్తండి. ఇందులో నేను కనిపెట్టింది ఒక్కటీ లేదు.

గింజలు కాగితంలో పొట్లం కట్టి దారోగాసాబు దగ్గరికి బయల్దేరాను. ముందు ఇంటికి వెళ్ళి బాపుకు చెప్పాను. ఆయన మోకాళ్ళకు నూనె రాసుకుంటూ విన్నాడు.

"ఇంకెవలికన్న చెప్పినవా?"

"లేదు."

"చెప్పకు. ఆమెకు తమ్ముడున్నడు, ఇంత అన్నం పెడ్తడు. నీ నౌకరి పోతె మనకెవలున్నరు?"

తప్పు బాపు మీద తోసేయను. ఆ మాట ఎవరో ఒకరు అనాలనే నేను ఇంటికి వెళ్ళాను. ఆయన అనకపోతే ఇంకొకరి దగ్గరికి వెళ్ళేవాణ్ణి.

రేపు చెబుదాం అనుకుంటూ నెలలు గడిచాయి. ఆ దొర తన మాట నవాబుగారికి వ్యతిరేకంగా రాశాడు, నిఘా అలాగే ఉండిపోయింది. ఒక గింజ ముక్కకు, జాగీరుకు సంబంధం ఉంటుందని నేను నమ్మను. దేవిడిలో అందరూ నమ్మారు. ఆ మాట గోడలు దాటి హుస్సేనీ ఆలం గల్లీలకు చేరింది. దేవిడికి పాలు పోసే వాడుక అక్క తమ్ముడిదే, అది ఆగిపోయింది. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. పైగా రెండు వంటశాలల సామానుకూ నన్నే పెద్దను చేశారు.

యుద్ధం మొదలై డబ్బాలు రావడం ఆగిపోయిన ఏడాది, మరను మళ్ళీ కాగితంలో చుట్టడం సగంలో వదిలేసి, లేచి వెళ్ళి దారోగాసాబుకు అంతా చెప్పాను. మొనల సంగతి, అక్క గంట టైము అడిగిన సంగతి, నేను వద్దన్న సంగతి. నన్ను వెళ్ళగొడతాడనుకున్నాను. వెళ్ళగొట్టాలనే కోరుకున్నాను.

ఆయన అలసటగా అన్నాడు, "ఇప్పుడు చెప్పి ఏం ఫాయిదా? నవాబుసాబుకు ఆ దినం మళ్ళ యాది చెయ్యమంటవా? ఆమెను తీస్కొస్తె ఎందుకొచ్చిందని అడుగుతడు. పో, పని చూస్కో. ఫికర్ చెయ్యకు."

ఫికర్ చెయ్యకు అని ఒక మనిషి దయగా అంటే ఇంత బాధ ఉంటుందని అప్పుడే తెలిసింది.

ఆ వారమే అక్క ఇంటికి వెళ్ళాను. బర్రెల కొట్టం పక్కన అరుగు మీద కూర్చుని ఉంది. రెండో కన్ను కూడా దాదాపు పోయింది. గొంతు విని గుర్తుపట్టి, "బాపు మోకాళ్ళు ఎట్లున్నయ్ తమ్మీ?" అని అడిగింది. ఒళ్ళో చాట, చాటలో బియ్యం. రాళ్ళు ఏరుతోంది.

నేను నేల మీద కూర్చుని చెప్పాను. మర సూది వెడల్పని, మొనలు విరిగింది మర వల్లనేనని, ఆమె తప్పు వెంట్రుకంత కూడా లేదని చెప్పాను. ఆమె వేళ్ళు బియ్యంలో తిరుగుతూనే ఉన్నాయి.

"మర ఇరగ్గొట్టిందని నాకు ఆ దినమే తెల్సు గద తమ్మీ. నేనే చెప్పిన గద నీకు."

"అవునక్కా. నువ్వు చెప్పినవు. ఒత్తి చూస్తనంటె నేనే వద్దన్న."

"నువ్వు వద్దన్నవు. నువ్వు చిన్నోనివి, నీకేం ఎర్క? ఇరవై ఏండ్లు చేసినదాన్ని నేను. వద్దన్నా ఒత్తాలె. ఏలికి తెలిసినంక ఊకున్న. అది నా తప్పే."

"కాదక్కా. నేను ఆ దినం దారోగాసాబు ముంగట నోరు తెరవలె. అది నా తప్పు."

"నీకు నా మీద జాలి. ఇంత దూరం వచ్చినవు ఈ మాట చెప్పనీకి. మంచోనివి. ఎవలొస్తరు గిట్ల."

మళ్ళీ చెప్పాను. ఇంకో రకంగా చెప్పాను. ఎంత చెబితే అంత మంచివాణ్ణయ్యాను ఆమె లెక్కలో. నా తప్పును ఆమె చేతిలో పెట్టడానికి వెళ్ళాను, ఆమె దాన్ని తీసుకోలేదు. అది తనదే అనుకుంటున్న మనిషికి నాదని ఎలా నిరూపించను?

తమ్ముడి భార్య ఇంట్లోంచి వచ్చింది. పొయ్యి మీద ఎసరు మరుగుతోందని, బియ్యం ఇవ్వమని అడిగింది. నా వైపు తిరిగి, మెల్లగా, ఇంట్లో మనుషులకు అలవాటైపోయిన గొంతుతో చెప్పింది.

"పొద్దుగాల నుంచి గవే బియ్యం అన్నా. నాలుగుసార్లు ఏరింది. అండ్ల రాళ్ళు లేవు. రోజూ గిట్లనే."

చాట అందుకోబోయింది. అక్క దాన్ని ఒడికి దగ్గరగా లాక్కుంది. ఒక గింజ తీసి రెండు వేళ్ళ మధ్య పెట్టి ఒత్తి, పక్కన పెట్టింది. ఇంకో గింజ తీసింది.

"ఇంకొక్కసారి చూడనీయి," అంది.